మందు పట్టించిన గింజలు

మా కాలేజీ ఆఫీసు గది బయట గోడకు ఇప్పటికీ ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. సేవా విభాగం విద్యార్థులు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నవ్వుతున్న ఫొటో అది. మధ్యలో మా చెల్లెలు ఉంది. ఆమె భుజం మీద ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి నాది. మోచేతి దగ్గర నన్ను కత్తిరించేశారు. అడిగితే ఫ్లెక్సీ కొలతకు పట్టలేదన్నారు. అటుపక్క గోడ మీద పాకుతున్న బల్లి పట్టింది, ఇటుపక్క నేను పట్టలేదు.

మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. నేను మరిచిపోలేదు. అక్కడ జరిగినవాటిలో ఇది చిన్నది కాబట్టి ముందుగా చెప్పేస్తున్నాను.

మాది శింగనమల దగ్గర ఒక ఊరు. చెరువు చాలా పెద్దది. నేను డిగ్రీలో చేరేనాటికి దాని లోపల తుమ్మచెట్లు మొలిచి మేకలు తిరుగుతుండేవి. నాయన బెంగళూరులో భవనాల పనికి పోయేవాడు, పండగలకు వచ్చేవాడు. అమ్మ కూలికి పోయేది. చెల్లెలు నాకంటే చాలా చిన్నది. పుట్టినప్పటి నుంచి ఆమెకు ఎదుగుదల నెమ్మది. నడక ఆలస్యంగా వచ్చింది, మాట రానేలేదు. ఏ వస్తువైనా నోట్లో పెట్టుకుని చూస్తే తప్ప అది ఏమిటో ఆమెకు తెలియదు. మట్టి, సబ్బు, బీడీ ముక్క, అన్నీ అలాగే తెలుసుకుంది. అందుకని అమ్మ చేనికి పోయే రోజుల్లో పాతచీర పేలికతో ఆమె నడుముకు ముడివేసి మంచం కోడుకు కట్టేసేది. ముడి వీపు వైపు ఉండేది. నేను బడి నుంచి వచ్చి విప్పేదాన్ని. విప్పగానే ఆమె నేరుగా వాకిట్లోకి పోయి ఎండలో నిలబడేది.

మండల కేంద్రంలో మూతబడిన ఒక బడి గదుల్లో ఇలాంటి పిల్లల కోసం కేంద్రం తెరిచాక ఆ కట్టడం ఆగిపోయింది. పొద్దున ఆటో వచ్చి ఎక్కించుకుపోయేది, సాయంత్రం దించేది. అక్కడ శిక్షణ పొందిన టీచర్ ఒకామె ఉండేది. మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు. శనివారాల్లో మా కాలేజీ విద్యార్థులు అనంతపురం నుంచి బస్సులో వచ్చి పిల్లలతో ఆడించేవాళ్లు, బొమ్మలు గీయించేవాళ్లు, చేతులతో పనులు నేర్పేవాళ్లు. నేను కాలేజీలో చేరిన మొదటి నెలలోనే సేవా విభాగానికి పేరు ఇచ్చాను. ఎందుకిచ్చానో అందరికీ తెలుసు. దాచలేదు.

దాచి ఉండాల్సిందేమో. మొదటి శనివారమే విభాగం చూసే సారు నన్ను తేరిపార చూసి, "ఓ, నువ్వు ఆ పాప అక్కవా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత రెండేళ్లు నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పాప అక్క చాపలు దులిపిందా. పాప అక్క నీళ్లు నింపిందా. హాజరు పిలిచేటప్పుడు కూడా ఒకసారి సారు నోరు జారి అలాగే పిలిచాడు, గదంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు.

సొంత పిల్లకు సొంత మనిషి పనికిరాదని ఆయన నియమం. "నీకు ప్రేమ అడ్డం వస్తాది. నువ్వు ఆ పాప దగ్గరికి పోవద్దు," అన్నాడు. మిగతా ఏ పిల్లనైనా అప్పజెప్పవచ్చు కదా అని అడిగాను. "చూస్తాం" అన్నాడు. చూడలేదు. నాకు ఇచ్చిన పని చాపలు దులపడం, డ్రమ్ములో నీళ్లు పట్టడం, పిల్లలు తడుపుకుంటే బట్టలు మార్చడం. గుమ్మం బయట కూర్చుని కిటికీలోంచి మా చెల్లెల్ని చూసేదాన్ని.

చూస్తూ ఊరుకోలేకపోయేదాన్ని, అది నిజం. పిల్లల ముందే వాళ్ల జబ్బుల గురించి మాట్లాడుకోవద్దని చెప్పాను. ఫొటో తీసేముందు వాళ్ల అమ్మల్ని అడగమన్నాను. చెవులు మూసుకునే పిల్లవాడి దగ్గర పాటల పెట్టె పెట్టొద్దన్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు, "వచ్చిందప్పా కంప్లయింట్ పెట్టె," అనేవాళ్లు. నేను చెప్పినవన్నీ సరైనవేనని టీచర్ పక్కకు పిలిచి నాతో అంది. అందరి ముందు ఒక్కసారీ అనలేదు. కాలేజీ వాళ్లు తెచ్చిన ఫ్యాన్లే ఆ గదుల్లో తిరుగుతున్నాయి మరి.

మా విద్యార్థి నాయకుడు చివరి సంవత్సరం అబ్బాయి. ఉరవకొండ వైపు వాడు. పెద్ద సేద్యం, తండ్రి రాజకీయాల్లో ఉన్నాడు. మనిషి మంచివాడే అని అందరూ అంటారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు, చీమిడి తన రుమాలుతోనే తుడిచేవాడు. మా చెల్లెలు అతని అడుగుల చప్పుడు విని లేచి నిలబడేది. నేను పోతే కూడా అలా లేవదు.

నేర్పే పద్ధతి కూడా అతనే మార్చాడు. అంతకుముందు టీచర్ ఏదైనా పని సరిగ్గా చేస్తే పిల్లల వీపు నిమిరేది, ఒక్కోసారి గుప్పెడు బొరుగులు పెట్టేది. ఇతను దాన్ని గట్టి నియమం చేశాడు. పిల్ల పని చేయగానే చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టాలి, చప్పట్లు ఆగకముందే వేయించిన వేరుశనగ గింజ ఒకటి నోట్లో పెట్టాలి. చప్పట్లు, గింజ. చప్పట్లు, గింజ. వేరుశనగ మా అందరి ఇళ్లలోనూ ఉండేదే, ఎవరో ఒకరు సంచిలో వేసుకొచ్చేవాళ్లు. పిల్లలు నిజంగానే నేర్చుకున్నారు. మా చెల్లెలు కొయ్యకు రింగులు తొడగడం, గిన్నెలో గిన్నె పెట్టడం ఒక్క ఎండాకాలంలో నేర్చింది. నేను కాదనను.

కానీ ఒకటి గమనించాను. చప్పట్లు వినపడగానే ఆమె నోరు తెరిచేది. ఎవరు కొట్టినా సరే, ఎందుకు కొట్టినా సరే. ఊళ్లో పక్కింట్లో ఎవరో భజనకు తాళం వేస్తే మా వాకిట్లో కూర్చుని నోరు తెరిచింది. ఎవరూ ఏమీ పెట్టకపోయేసరికి కింద పడివున్న గులకరాయి తీసి నోట్లో వేసుకుంది. ఆ సంగతి టీచర్‌తో చెప్పాను. "తర్వాత మాన్పించొచ్చులే," అంది.

ఆ సంవత్సరం జూన్‌లో వానలు రాలేదు. మృగశిర కార్తె వచ్చింది, పోయింది. గాలి మాత్రం వచ్చింది. కొండల మీద గాలిమరలు రాత్రీ పగలూ తిరిగాయి, ఎర్రమట్టి లేచి అన్నంలో పడేది. చేను ఉన్న ప్రతి ఇంట్లోనూ విత్తనాలు సిద్ధంగా ఉన్నాయి. మా వైపు విత్తే ముందు వేరుశనగ గింజలకు మందు పట్టిస్తారు. చీడ పట్టకుండా, చీమలు తినకుండా పురుగుల మందు, పొడి మందు కలిపి గోనెపట్ట మీద దొర్లిస్తే గింజలు గులాబీ రంగుకు తిరుగుతాయి. చూడటానికి అంగట్లో అమ్మే మిఠాయిలాగా ఉంటాయి. పట్టించాక వెంటనే విత్తుకోవాలి. ఆ ఏడాది తొలి మబ్బులు చూసి ఆశపడి చాలామంది ముందే పట్టించేశారు. మబ్బులు పోయాయి. గులాబీ గింజలు సంచుల్లో అలాగే మిగిలాయి. తినడానికి లేదు, అమ్మడానికి లేదు, పారేయడానికి మనసు రాదు.

ఒక శనివారం మా నాయకుడు చిన్న సంచి తెచ్చి చాప మీద బోర్లించాడు. సగం మామూలు గింజలు, సగం గులాబీ గింజలు. రెండు గిన్నెలు పెట్టి, పిల్లలతో ఏ రంగువి ఆ రంగు గిన్నెలో వేయించాలన్నాడు. చేతివేళ్లకు పని, కంటికి పని, రెండూ అవుతాయట. అమ్మాయిలందరూ భలే ఉందన్నారు. సారు, "చూసినారా, మన నేల సరుకుతోనే మన చదువు," అన్నాడు.

నేను తడిచేతులతో లోపలికి వచ్చి నిలబడ్డాను.

"అన్నా, అవి మందు పట్టించిన గింజలు."

"తెలుసులేమ్మా. మా ఇంటివే. మూడు నీళ్లు కడిగి ఎండబెట్టినా."

"కడిగితే ఆ రంగు ఇంకా ఏంటికి ఉండాది మరి?"

"రంగే మిగిలింది. మందు పోయింది."

"వీళ్లు నోట్లో పెట్టుకుంటారన్నా. నువ్వే నేర్పించినావు గింజ నోట్లో పెట్టుకునేది."

అక్కడున్నవాళ్లందరూ సేద్యం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆ మందు వాసన తెలియని వాళ్లు ఒక్కరూ లేరు. తెలియక చేసి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఆ గింజలతోనే పెరిగారు కాబట్టే వాళ్లకు భయం లేదు.

ఒక అబ్బాయి, "మేము ఆ చేతుల్తోనే విత్తుతాం, ఆ చేతుల్తోనే గట్టు మీద సద్ది తింటాం. ఎవురు సచ్చినారు పాప అక్కా?" అన్నాడు.

"మా అవ్వ ఆ గింజలు కడిగి చట్నీ కూడా చేసింది ఒకసారి," అంది ఇంకో అమ్మాయి. "తిన్నోళ్లమంతా ఈడనే ఉండాం."

"అందుకేనా నీ బుద్ధి ఇట్లుండాది," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా మాట కొట్టుకుపోయింది.

సారు నవ్వలేదు. "నీ చెల్లెలు కాబట్టి నీకు ప్రతిదీ విషంలాగా కనపడతాండాది," అన్నాడు. "ఒకరు నోటికి కాపలా ఉంటారు. పో, పోయి నీళ్లు చూసుకో."

నోటికి కాపలా పెట్టిన మాట నిజమే. ప్రతి పిల్ల పక్కనా ఒకరు కూర్చుని, చెయ్యి పైకి లేస్తే పట్టుకునేవాళ్లు. లేచిన ప్రతి చేతినీ పట్టుకున్నారా? నేను కిటికీలోంచి చూసినంతలో లేదు. వాళ్లకు ఫోన్లు వచ్చేవి, పక్కవాళ్లతో మాటలు వచ్చేవి. ఆ సాయంత్రం ఆటోలోంచి చెల్లెల్ని దించుతుంటే ఆమె పెదవి మూల గులాబీ రంగు చార కనిపించింది. వేళ్ల సందుల్లోనూ ఉంది. సబ్బు పెట్టి రుద్దాను. నీళ్లు గులాబీగా కారాయి. మూడు నీళ్లు కడిగిన గింజల రంగు అది.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. గడ్డం మీదికి చొంగ కారుతూనే ఉంది. కారడం కొత్త కాదు, అంత కారడం కొత్త. అమ్మ ఎండదెబ్బ అనుకుంది, మజ్జిగ పట్టింది. పక్కింటి అవ్వ దిష్టి అంది. నేను విషయం చెప్పాను.

అమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. తర్వాత, "ఇంకెవురికైనా చెప్పినావా?" అని అడిగింది.

"సారుకు చెప్పినా. ఇంకా పైవాళ్లకు చెప్తా."

"ఏమీ చెప్పొద్దు. వాళ్లకు కోపమొస్తే దీన్ని తీసకపొమ్మంటారు. తీసకొచ్చి యాడ పెట్టాల? మళ్లీ మంచానికి కట్టాల్నా?"

"అది తింటాండాదమ్మా."

"తినకుండా చూడు. నువ్వు ఆడనే ఉంటావు కదా."

నేను అక్కడ ఉంటాను, కానీ గుమ్మం బయట ఉంటాను. అది అమ్మకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. అక్క ఉన్న చోట చెల్లెలికి ఏమవుతుందిలే అని ఆమె ధైర్యం.

తర్వాతి శనివారాల్లో నేను చేయగలిగింది చేశాను. గింజల సంచి కనపడితే చాపల చుట్టలో దాచేదాన్ని. కనిపెట్టి మళ్లీ తీసేవాళ్లు. టీచర్‌ని ఒంటరిగా పట్టుకుని అడిగాను. ఆమె నా కళ్లలోకి చూడకుండా, "వచ్చే నెల సాయం చేసే పెద్దవాళ్లు చూడనీకి వస్తాండారంట. వాళ్లకు నచ్చితే కేంద్రానికి సొంత బండి ఇస్తారంట. అంతవరకు ఓర్చుకో తల్లీ," అంది. ఓర్చుకోవాల్సింది నేనా? ఆమెను అప్పుడు ఏమీ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. చెల్లెల్ని ఇంట్లోనే ఉంచేద్దామని ఒక శనివారం ఆటో ఎక్కించలేదు. అమ్మ పని మానేయాల్సి వచ్చింది. ఆ మరుసటి వారం ఆమె నన్ను అడగకుండా తనే ఎక్కించింది.

ఆ పెద్దవాళ్లు వచ్చిన రోజు పొద్దున్నే ఎండ తెల్లగా ఉంది. గదులకు కాగితం తోరణాలు కట్టారు. పిల్లలందరికీ ఒకే రంగు చొక్కాలు వేశారు. నన్ను వంటగది వైపు నిలబెట్టి, వచ్చినవాళ్లకు మజ్జిగ గ్లాసులు అందించమన్నారు. సారు దగ్గరికి వచ్చి మెల్లగా, "ఈ పొద్దు నోరు తెరవద్దు," అన్నాడు. ఆ మాట అంటూ నవ్వుమొహం పెట్టుకునే ఉన్నాడు, ఎవరైనా దూరం నుంచి చూస్తే మెచ్చుకుంటున్నాడనుకుంటారు.

చూపించే పిల్ల మా చెల్లెలే. గింజల పని అందరికంటే బాగా చేసేది ఆమె. గది మధ్యలో చాప మీద కూర్చోబెట్టి ముందు రెండు గిన్నెలు పెట్టారు. వచ్చినవాళ్లు కుర్చీల్లో, మావాళ్లు చుట్టూ గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నేను మజ్జిగ పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. లోపల గాలి లేదు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. ఆ మందు వాసన గుమ్మం దాకా వస్తోంది. వచ్చినవాళ్లలో ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం చూశాను. అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు.

చెల్లెలు ఒక గులాబీ గింజ తీసి గులాబీ గిన్నెలో వేసింది. ఒక మామూలు గింజ తీసి రెండో గిన్నెలో వేసింది. తప్పు లేకుండా వేస్తూ పోయింది. తల ఎత్తలేదు, ఆమె కంటికి ఆ గింజలు తప్ప ఏమీ లేవు. చివరి గింజ పడగానే వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి మావాళ్లందరూ కొట్టారు. గది దద్దరిల్లింది.

ఆమె నోరు తెరిచింది.

వేయించిన గింజ పెట్టాల్సింది మా నాయకుడు. అతను మోకాలి మీద కూర్చుని రెండు చేతులతో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. నోటికి కాపలా ఉండాల్సిన అమ్మాయి చప్పట్లు కొడుతోంది. గింజ పెట్టే చెయ్యి ఒక్కటీ లేదు. చెల్లెలు కాసేపు నోరు తెరుచుకునే చూసింది. తర్వాత తన చెయ్యే గులాబీ గిన్నెలో పెట్టి గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది.

అది చూసి వచ్చినవాళ్లు నవ్వారు. ముచ్చటపడ్డారు. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆమె ఇంకో గుప్పెడు వేసుకుంది.

పళ్లెం ఎక్కడ పడేశానో తెలియదు. కుర్చీలు దాటుకుని పోయి ఆమె దవడలు పట్టి నోట్లోకి వేళ్లు పెట్టాను. ఆమె కొరికింది. నా వేలికి ఇప్పటికీ ఆ గాటు ఉంది. వెనక నుంచి ఎవరో నా భుజం పట్టి లాగుతూ, "ఏమ్మే, అందరి ముందర ఇదేం పని," అంటున్నారు. కొంత కక్కించగలిగాను. మిగతాది అప్పటికే మింగేసింది. సారు వచ్చినవాళ్లతో, "ఆ పాప అక్క సార్. కొంచెం ఆవేశం ఎక్కువ," అని చెప్తున్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను.

వచ్చినవాళ్లు పక్కగదికి పోయి ఉపన్యాసాలు మొదలుపెట్టారు. ఉపన్యాసాలు జరుగుతుండగానే చెల్లెలికి నోట్లోంచి నురగలాగా చొంగ కారింది. చెమట పట్టింది. కాళ్లు వణికాయి. అప్పుడు మా నాయకుడు మారుమాట లేకుండా ఆమెను ఎత్తుకుని తన కారు వైపు పరుగెత్తాడు. అనంతపురం పెద్దాసుపత్రి దాకా కారు ఎలా నడిపాడో నాకు గుర్తుంది. దారంతా, "ఏం కాదు, ఏం కాదు," అంటూనే ఉన్నాడు. కళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. అది కూడా చెప్తున్నాను, జరిగింది కాబట్టి.

అమ్మను చేలోంచి ఎవరో బండి మీద తీసుకొచ్చారు. ఆమె లోపలికి రాకముందే సారు ఆసుపత్రి వరండాలో ఆమెను ఆపి మాట్లాడాడు. నేను మంచం దగ్గర నుంచి చూస్తున్నాను, మాటలు వినపడలేదు. అమ్మ తల ఊపింది.

డాక్టరమ్మ చెల్లెలి కళ్లలోకి లైటు వేసి చూసి, "ఏం తినింది? ఎక్కడ తినింది?" అని అడిగింది.

"ఇంట్లోనే తినింది మేడం," అంది అమ్మ. "విత్తనాలు పెట్టినాం. నేను చూడలేదు."

మా ఇంట్లో విత్తనాలు లేవు. విత్తడానికి మాకు చేను లేదు.

"మేడం, కాదు," అన్నాను. "కేంద్రంలో తినింది. వాళ్లే పెట్టినారు. వారాల నుంచి పెడతాండారు."

"పాపా," అంది అమ్మ నా వైపు తిరిగి.

సారు ముందుకు వచ్చి, "అమ్మాయి బెదిరిపోయింది మేడం," అన్నాడు.

డాక్టరమ్మ ఎవరి వైపూ చూడలేదు. "ఎక్కడన్నది తర్వాత చూసుకోండి. వారాల నుంచి అన్నావే, అది నిజమా?" అని నన్నే అడిగింది. నిజమన్నాను. ఏ మందు పట్టించారో చెప్పమంది. నేను మా నాయకుడి వైపు చూశాను. అతను గోడ వైపు తిరిగి మందు పేరు చెప్పాడు. ఆ తర్వాత మమ్మల్నందరినీ బయటికి పంపేసింది.

చెల్లెలు బతికింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. అమ్మ ఆ రోజుల్లో నాతో పని పడితే తప్ప మాట్లాడలేదు.

నేను ప్రిన్సిపాల్ గదికి పోయాను. ఒకసారి కాదు. చివరికి అందరినీ పిలిచి విచారించారు. గింజలు ఎవరు తెచ్చారని అడిగితే గదిలో ఒక్కరూ పేరు చెప్పలేదు. మా నాయకుడు, "చాలామంది తెస్తాండ్రి సార్, గుర్తు లేదు," అన్నాడు. కారులో ఏడ్చినవాడే. ఒక అమ్మాయి, "పాప అక్కనే తెచ్చిందేమో సార్, వాళ్ల అమ్మ విత్తే కూలికి పోతాది కదా," అంది. ఎవరూ ఆమెను వారించలేదు. ఇకమీదట విద్యార్థులు కేంద్రానికి పోనక్కర్లేదని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. దాన్ని న్యాయం అనుకున్నాడు.

దాంతో శనివారాలు ఆగిపోయాయి. సొంత బండి రాలేదు. మిగతా పిల్లల అమ్మలు ఆటో దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్లు. ఒకామె ఎదురుగానే, "నీ చెల్లెలు బాగైంది కదా. మా పిల్లల నోట్లో మట్టి కొడితివి," అంది. ఆమె కొడుకు కూడా ఆ గింజల ముందు కూర్చున్నవాడే. వాడికి అంతకుముందు లేని మూర్ఛలు ఆ తర్వాత మొదలయ్యాయి. గింజల వల్లేనని నేను చెప్పలేను. కాదని వాళ్లూ చెప్పలేరు. డాక్టరమ్మకు చూపించమన్నాను. నా మాట ఆమె వినలేదు.

చెల్లెల్ని కేంద్రం మాన్పించలేదు, ఆ ఒక్కటీ టీచర్ నిలబెట్టింది. గింజల బదులు బొత్తాలు పెట్టింది, చప్పట్లు పూర్తిగా మానేసింది. చెల్లెలు బొత్తాలు ముట్టుకోదు. మామూలు వేరుశనగ పెట్టినా తినదు. వాసన చూసి పక్కన పెట్టేస్తుంది. ఆమె వెతికేది ఆ మందు వాసన ఉన్న గింజ. దాంతోనే అందరూ నవ్వారు, దాంతోనే గదంతా ఆమెను చూసింది. దాని వల్ల ఒంటికి వచ్చిన బాధ ఆమెకు గుర్తున్నట్టు లేదు. నేర్పింది మాత్రం బాగా గుర్తుంది. ఎలా మాన్పించాలని టీచర్‌ని అడిగితే, సమయం పడుతుందంది. ఎంత సమయమో చెప్పలేదు.

ఇప్పుడు నేను డిగ్రీ ముగించి ఇంటి దగ్గరే ఉన్నాను. ఉద్యోగానికి పోవచ్చు కదా అని అడుగుతారు. మే నెల చివరి నుంచి విత్తనాలు పడేదాకా నేను ఎక్కడికీ పోను. మా వీధిలో చేను ఉన్న ప్రతి ఇంటికీ పోయి, మందు పట్టించేటప్పుడు తలుపు వేసుకోమని చెప్తాను, మిగిలినవి చేటల్లో పోసి వాకిట్లో పెట్టొద్దని చెప్తాను. కొందరు సరేనంటారు. కొందరు, "విత్తేది మానుకోమంటావా ఏందమ్మా," అంటారు. పోయిన ఏడాది ఒకాయన నేను వచ్చేది చూసి కావాలనే గోనెపట్ట వీధిలోకి లాగి పరిచాడు. ఆయన ఇల్లు ఏదో, ఆయన ఏ చొక్కా వేసుకున్నాడో నాకు తెలుసు.

ఈ సంవత్సరం మబ్బు గుత్తి వైపు నుంచి లేచింది. మధ్యాహ్నానికే చీకటి పడ్డట్టయింది. వీధిలో అందరూ బయటికి వచ్చి మొహాలు పైకెత్తి నిలబడ్డారు. అమ్మ కూడా పోయి నిలబడింది, రేపటి నుంచి కూలి దొరుకుతుంది. నేను చెల్లెల్ని లోపలికి తెచ్చి తలుపు గడియ వేసి, వెనక గోడ పక్కన కూర్చోబెట్టుకున్నాను.

పక్కింటి అవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏమే, ఇన్నాళ్లకు వాన వస్తాంటే తలుపేసుకుంటివి. పాపను బయటికి తీసకరా, తడవనీ."

"వద్దు అవ్వా."

"వానొస్తే కూడా నీకు కోపమేనా?"

నేను చెల్లెల్ని ఒళ్లోకి లాక్కున్నాను. ఆమె గొణుక్కుంటూ పోయింది. మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి. ఆ చప్పుడు కింద, వెనక గోడకు అవతల, గోనెపట్ట మీద గింజలు దొర్లించే చప్పుడు మొదలైంది. కిటికీలోంచి వచ్చిన గాలి ఆ వాసన మోసుకొచ్చింది.

చెల్లెలు అటు తల తిప్పింది. నా ఒళ్లోంచి లేవడానికి చేతులు ఊనుకుంది. ఆమెకు ఇప్పుడు పన్నెండో ఏడు. బలం నాకంటే ఎక్కువ.